ఎడమవైపు సీటు

మా ఆయన బస్సు డ్రైవరు. ఇరవై ఎనిమిదేళ్ళుగా గుడివాడ చుట్టుపక్కల జనాన్నంతా ఎక్కించుకు తిప్పారు గానీ, పెళ్ళాన్ని పక్కన కూర్చోబెట్టుకుని పది మైళ్ళు తిప్పిన పాపాన పోలేదు. అలాంటి మనిషి ఒకరోజు అన్నం తింటూ తింటూ, "మూడు రోజులు సెలవు పెట్టాను. కారు అద్దెకి తీసుకుందాం. మనిద్దరమే. బందరు, మోపిదేవి, అక్కణ్ణించి పంటెక్కి దీవిలోకి వెళ్ళొద్దాం" అన్నారు. పంటంటే మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పెద్ద బల్లకట్టు. కార్లు కూడా దానిమీదే దాటతాయి.

"డ్రైవరు సెలవు పెట్టి మళ్ళీ స్టీరింగు పట్టుకోవడమేంటండీ, వంటమనిషి సెలవు పెట్టి పొయ్యి ముందే కూర్చున్నట్టు?" అన్నాను. పైకి అలా అన్నానే గానీ ఆ రాత్రే పెట్టెలోంచి మంచి చీరలు తీసి మడతలు విప్పాను.

ఆ మూడు రోజుల సంగతి చెప్పాలంటే అసలు మాట ముందే చెప్పేయాలి. ఆ ప్రయాణంలో నాకు ఆయన కళ్ళ గురించి తెలిసింది. సోమవారం పొద్దున్న యాభైమందిని ఎక్కించుకుని ఆయన మళ్ళీ బస్సు తీయాలా, ఇంకెప్పటికీ తీయకూడదా అన్న ప్రశ్న మా ఇద్దరి మధ్యా వచ్చి కూర్చుంది. దాని సంగతి తెలిసినవాళ్ళం మేమిద్దరమే. నేను నోరు మూసుకుంటే అది అక్కడితో ఆగిపోతుంది.

ఆయన కళ్ళ మీద నాకు ఎప్పుడూ అనుమానం రాలేదు. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. నలభై దాటాక సూదిలో దారం ఎక్కించడం నా వల్ల కావడం లేదు. ఆయన డ్యూటీ దిగి రాగానే సూదులన్నీ తెచ్చి ముందు పెడతాను. ఒక్కసారి కూడా తప్పకుండా దారం ఎక్కించేసి, "డ్రైవరు కళ్ళే ఇవి" అంటారు. సూది బెజ్జం కనిపించే మనిషికి ఇంకేం కనిపించదని అనుకుంటాం?

శుక్రవారం పొద్దున్నే బయల్దేరాం. కారెక్కగానే నా మీదుగా బెల్టు లాగి బిగించారు. గుంజకి కట్టేసిన దూడలా అయిపోయింది నా పని. కిటికీ ఎలా దించాలో తెలీదు, తలుపెలా తీయాలో తెలీదు. నాకు తెలిసిందల్లా కూర్చోవడం. బంటుమిల్లి మీదుగా వెళ్తున్నాం. ఆయన హుషారు చెప్పనలవి కాదు. "ఇప్పుడో మలుపొస్తుంది చూడు, దాని తర్వాత కల్వర్టు, కల్వర్టు పక్కన స్పీడ్ బ్రేకరు" అంటూ రాకముందే అన్నీ చెప్పేస్తున్నారు. అన్నీ చెప్పినట్టే వస్తున్నాయి.

ఇంకొకటి గమనించాను. రెండు నిమిషాలకోసారి మెడ పూర్తిగా తిప్పి నా వైపు చూస్తున్నారు. నేను సర్దుకుని, కొంగు భుజం మీదుగా తెచ్చుకున్నాను. యాభై నాలుగేళ్ళ వయసులో, ఇంతింత లావయ్యాక, మొగుడు అన్నిసార్లు చూస్తుంటే ఎవరికి సంతోషం ఉండదు? "ముందు రోడ్డు చూడండి" అని కసిరాను గానీ లోపల మురిసిపోయాను.

బందరు చేరాక కారు నేరుగా చిలకలపూడి తీసుకెళ్ళారు. గిల్టు నగల దుకాణం ఎదురుగా ఆపి, "ఎండగా ఉంది, నువ్వు దిగకు" అని లోపలికెళ్ళారు. తాళం జేబులో వేసుకుని వెళ్ళారు. తలుపు లాగితే రాలేదు, అద్దాలు దిగలేదు. అరగంట ఆ గాజు పెట్టెలో చెమటలు కక్కుతూ కూర్చున్నాను. కోపం వచ్చింది గానీ, ఆయన బయటికొచ్చేటప్పుడు చిన్న కాగితం పొట్లం చొక్కా జేబులో దాచుకోవడం చూసి ఆ కోపం కాస్తా చల్లారిపోయింది. జూకాలే అయ్యుంటాయి అనుకున్నాను. ఏమీ ఎరగనట్టు, "ఏంటండీ అంతసేపు?" అన్నాను. "బేరం కుదర్లేదు" అన్నారు. అబద్ధం కూడా ముద్దుగానే వినిపించింది.

మర్నాడు మోపిదేవిలో ఆ జూకాలు ఇస్తారనుకున్నాను. స్వామి ఎదుట పెట్టి ఇద్దామని దాచారేమో అనుకుని, క్యూలో ఉన్నంతసేపూ చెవులకున్న పాత దిద్దులు సవరించుకుంటూనే ఉన్నాను. హుండీ దగ్గరికొచ్చాక ఆయన జేబులోంచి పొట్లం తీశారు. కాగితం విప్పారు. అరచేతిలో రెండు కళ్ళున్నాయి. గిల్టువి, కనుపాపలు కూడా దిద్దినవి. కంటి జబ్బులు తగ్గాలని అక్కడ అలాంటివి మొక్కుకుని వేస్తారు. వాటిని హుండీలో వేసి దణ్ణం పెట్టుకున్నారు.

"ఎవరి మొక్కండీ?" అన్నాను.

"డిపోలో ఒకాయనది. రావడానికి ఆయనకి కుదర్లేదు, నన్ను కొని వేయమన్నాడు."

నమ్మడం తేలిక గనక నమ్మాను. అసలు ఎవరికేం జబ్బని అడగాల్సింది పోయి, జూకాలు రాలేదని అలిగాను. సాయంత్రం దాకా ముక్తసరిగా మాట్లాడాను. ఆ అలక గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

ఆదివారం పొద్దున్న నాగాయలంక దాటి రేవు చేరాం. అక్కడిదాకా ఆయన బస్సు తిరిగిన దారే. ఆ తర్వాత ఏరు, పంటు, అవతల దీవి. పంటు దిగి కారు దీవి మీదికెక్కగానే ఆయన నోరు మూతపడింది. మలుపులు చెప్పడం మానేశారు. రెండు చేతులతో స్టీరింగు బిగించి పట్టుకుని ముందుకు వంగి కూర్చున్నారు. ఎప్పుడూ రాని దారి కదా, జాగ్రత్తగా నడుపుతున్నారని అనుకున్నాను.

దారంటే దారి కాదది, గట్టు. కుడిపక్క పీతల చెరువు, ఎడమపక్క రొయ్యల చెరువు, మధ్యలో కారు పట్టేంత మట్టి. తిప్పుకోవడానికి చోటు లేదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, నాకు పక్కల కూడా గోతులే. "వెనక్కి వెళ్దామండీ" అన్నాను. "వెనక్కెలా వెళ్తాం?" అన్నారు. ఆ గొంతులో విసుగు లేదు, భయం ఉంది. ఆయన గొంతులో భయం వినడం నాకదే మొదటిసారి.

ఎదురుగా ఒకాయన మోపెడు మీద పీతల బుట్ట పెట్టుకొస్తూ మమ్మల్ని చూసి ఆగాడు. గట్టు కాస్త వెడల్పుగా ఉన్న చోట, ఎడమవైపు అంచున ఒక కాలు నేలకి ఆనించి నిలబడ్డాడు. పాపం, మాకు దారిచ్చాడు. ఆయన నాకు స్పష్టంగా కనిపిస్తున్నాడు. మా ఆయనా చూస్తున్నారనే అనుకున్నాను. కారు కొంచెం కొంచెంగా ఎడమకే పోతోంది. ఆ మనిషి చెయ్యూపాడు. కారు ఇంకా ఎడమకే పోతోంది.

"ఏవండీ! మనిషి! మనిషండీ!"

బ్రేకు పడింది. ఆ మనిషి మోపెడు వదిలేసి పక్కకి దూకాడు. బుట్ట దొర్లి పీతలన్నీ గట్టు మీద చెల్లాచెదరయ్యాయి. నా వైపు ముందు చక్రం గట్టు అంచు జారి, కారు ఒక పక్కకి ఒరిగి ఆగింది. తలుపు తీద్దామంటే కింద చెరువు నీళ్ళున్నాయి. బెల్టు పొట్టకి బిగుసుకుపోయింది. అరచేతిలో ప్రాణాలు పెట్టుకుని ఊపిరి కూడా గట్టిగా తీయకుండా కూర్చున్నాను.

పీతలాయన లేచి, దుమ్ము దులుపుకుంటూ వచ్చాడు. "కళ్ళు కనపడట్లేదేంటండీ? దారికడ్డంగా కూడా లేను. పక్కకొచ్చి నిలబడ్డాను గదా!"

ఇరవై ఎనిమిదేళ్ళలో ఎవరైనా ఆ మాటంటే బస్సు ఆపి, కిందకి దిగి మరీ తగువేసుకునే మనిషి మా ఆయన. ఆవేళ తలొంచుకుని నిలబడ్డారు. "తప్పు నాదేనండీ" అన్నారు. అప్పుడు నాకన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. హుండీలో పడ్డ కళ్ళు ఎవరివో, రెండు నిమిషాలకోసారి మెడ తిప్పింది దేనికో. ఆయన చూసింది నన్ను కాదు. నా అవతల ఉన్న రోడ్డు అంచుని.

చీర ఎగదోపుకుని, గేరు రాడ్డు మీదుగా పాకి, డ్రైవరు వైపు నుంచి దిగాను. చెరువుల దగ్గర పనిచేసేవాళ్ళు నలుగురొచ్చి కారెత్తి గట్టు మీద పెట్టారు. పీతలాయన తన పీతల్ని ఏరుకుంటూనే, "మీకు దెబ్బలేం తగల్లేదు గదమ్మా?" అని నన్నడిగాడు. నాకు ఏడుపొచ్చింది. వాళ్ళలోనే ఒకతను కారు నడిపి మమ్మల్ని పంటు ఎక్కించి దిగిపోయాడు. ఆయన మళ్ళీ స్టీరింగు ముందుకి, నేను పక్క సీట్లోకి మారాం.

పంటు సగం దూరం వచ్చి ఇసకమేటకి తట్టుకుని ఆగిపోయింది. ఆటుకి ఏట్లో నీళ్ళు వెనక్కి తీసే వేళ. "పోటు రావాలండీ, అప్పటిదాకా ఇంతే" అన్నాడు పంటు నడిపేవాడు. నా తలుపుకి ఆనుకుని ట్రాక్టరు చక్రం, ఆయన తలుపుకి ఆనుకుని మోటారు సైకిళ్ళు. ఏ తలుపూ తెరుచుకోదు. అడగకుండా తప్పించుకోవడానికి కూడా చోటు లేదు.

"ఎన్నాళ్ళనించి?" అన్నాను.

స్టీరింగు మీది దుమ్ము వేలితో తుడిచారు. తర్వాత, "ఏడాదిన్నర" అన్నారు. "నీటికాసులంట. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది. పక్కనున్నదే కొంచెం కొంచెంగా పోతోంది. ఎడమ పక్క బాగా పోయింది. పోయింది ఇక రాదన్నాడు డాక్టరు."

"పొద్దున్నే కళ్ళలో వేసుకునే చుక్కలు దుమ్ము పడకుండా అన్నారే!"

"అవి దానికే."

"మరి పరీక్ష పెట్టరా మీకు?"

"బోర్డు మీద అక్షరాలన్నీ గడగడా చదివేస్తాను. సూదిలో దారం ఎక్కించేవాణ్ణి, అక్షరాలు కనపడవా? ఇంకా మూడేళ్ళేనే. ఈ రోడ్లన్నీ నాకు కంఠతా వచ్చు. చూశావుగా, మొన్న ఒక్క మలుపైనా తప్పు చెప్పానా?"

"రోడ్లు కంఠతా వచ్చు. రోడ్డు మీదికొచ్చే పిల్లలు కంఠతా వస్తారా?"

నాకు ఒళ్ళు మండిపోతోంది. జాలి కూడా వేస్తోంది. ఆ రెండూ ఒకేసారి వస్తే మనిషి నోట మంచి మాట రాదు. "దేవుడికి కూడా గిల్టు కళ్ళేనా ఇచ్చేది?" అన్నాను.

"నావీ అలాంటివేగా. పైకి బాగానే ఉంటాయి" అన్నారు. ఆ తర్వాత మెల్లగా, "స్టీరింగు లేకపోతే నేనెవర్నే? ఈ మూడు రోజులైనా నిన్ను నేను తిప్పాలనుకున్నాను. ఇంకెప్పుడు తిప్పుతానో అని" అన్నారు.

అప్పుడు నాకు ఈ విహారం దేనికో తెలిసింది. ఆయన పక్కన కూర్చుని తిరగాలని ఇన్నేళ్ళు కోరుకున్నాను. కోరిక తీరేసరికి ఇలా తీరింది. లేచి వెళ్ళిపోదామంటే చుట్టూ నీళ్ళు.

"ఎవరికీ చెప్పకు" అన్నారు ఆయన.

"చెప్పను" అన్నాను. ఆయన ఊపిరి పీల్చుకున్నారు. "కానీ రేపు పొద్దున్న మీతోపాటు బస్సెక్కుతాను. ఎడమవైపు మొదటి సీట్లో కూర్చుంటాను. పిల్లాడొచ్చినా గేదొచ్చినా కేకేస్తాను."

"రోజంతానా?"

"మూడేళ్ళూ. మిషను అమ్మేస్తాను. జనం అడిగితే నాకు మొగుడి మీద ప్రేమెక్కువని చెప్తాను."

నవ్వుతారేమో అనుకున్నాను. స్టీరింగు మీద నుదురు ఆనించుకుని అలాగే ఉండిపోయారు. హారను కొంచెం మోగింది. ట్రాక్టరు మీద కూర్చున్న వాళ్ళు మా వైపు చూశారు.

పోటొచ్చింది. పంటు కదిలి ఒడ్డుకి ఆనింది. ట్రాక్టరూ మోటారు సైకిళ్ళూ ముందు దిగిపోయాయి. చెక్కల మీదుగా కారు దింపాలి. దారి చూపేవాడు ఎడమవైపు నిలబడి చేతులూపుతున్నాడు. వాడు ఈయనకి కనిపించడం లేదని వాడికి తెలీదు. ఆయన చేత అద్దం దింపించి, నేను కిటికీలోంచి తల బయటపెట్టాను. ఎన్ని బస్సుల్లో వినలేదు కండక్టర్ల మాటలు! "రైట్... రైట్... కొంచెం కుడికి... రానీండి..." అంటూ చెక్కలు దాటించాను. నాలుగు చక్రాలూ గట్టి నేల మీదికొచ్చాక, "హోల్డాన్!" అని అరిచాను.

ఆయన కాలు బ్రేకు మీద పడింది. ఎవరి నోట విన్నా సరే, ఆ మాటకి ఆగిపోవడం ఆయనకి ఇరవై ఎనిమిదేళ్ళ అలవాటు. చెయ్యి చాపాను. కారు తాళం తీసి నా చేతిలో పెట్టారు.

రేవు దగ్గర టీకొట్టాయన తెలిసిన డ్రైవర్ని పిలిపించాడు. మేమిద్దరం వెనక సీట్లో కూర్చున్నాం, నేను ఎడమవైపు, ఆయన కుడివైపు. మోపిదేవి దాటేదాకా ఆయన కుడికాలు లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది. చల్లపల్లి దగ్గర అనుకుంటాను, అది ఆగింది.

"రేపు డిపోకి నాతో రావే" అన్నారు. "బస్సెక్కడానికి కాదు. ఒక్కణ్ణే చెప్పలేను."

సరేనన్నాను. అప్పుడు మెడ పూర్తిగా తిప్పి నా వైపు చూశారు. ఇప్పుడు ఆయనకి ఆ పక్క చూసుకోవాల్సిన రోడ్డేమీ లేదు. చాలాసేపు అలాగే చూశారు.