లేదని చెప్పే చీటీ

మొన్న జగ్గయ్యపేటలో వేలు తెగితే నర్సు టించరు రాసింది. ఆ వాసన ముక్కుకు తగలగానే నందిగామలో సుభానీ గారి పశువుల మందుల షాపు, ఆ వెనకే నా మీద నాకున్న కోపం, అన్నీ కట్టగట్టుకుని వచ్చేశాయి. మంటగా ఉందా అని నర్సు అడిగింది. ఉందన్నాను.

సుభానీ గారు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి, రిటైరయ్యాక ఆ షాపు పెట్టారు. ఎక్కడైనా గేదె ఈనలేక ఇబ్బంది పడుతోందంటే స్కూటరు వేసుకుని తనే వెళ్లేవారు. ఆయనకో అలవాటుండేది. అడిగిన మందు తన దగ్గర లేకపోతే ఊరికే లేదని పంపేవారు కాదు. ఎక్కడ దొరుకుతుందో ఫోన్ చేసి కనుక్కుని, ఆ షాపు పేరు చీటీ మీద రాసి మరీ చేతిలో పెట్టేవారు. కీసర నుంచి బస్సెక్కి వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపడానికి నోరెలా వస్తుందనేవారు. అదంతా చాదస్తమనుకునేదాన్ని.

అప్పుడే చదువు ముగించిన నేను, పశువులున్నవాళ్లు తమ ఫోన్లలో వేసుకునేలా ఆయనకో యాప్ చేసిపెట్టాను. అందులో బటన్ నొక్కితే ఫోన్లోని వీడియో కాల్ యాప్ తెరుచుకుని ఆయనకు కాల్ వెళ్లాలి. అడుగున తన ఫోన్ నంబరు కూడా వేయమని రెండుసార్లు చెప్పారు. స్క్రీన్ అందం పోతుందని వేయలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. ఎవరి కోసమా అందం?

వీరులపాడులో ఒకావిడ, గేదెకు కాన్పు కష్టమైతే ఆ బటన్ నొక్కింది. ఆమె ఫోన్లో వీడియో కాల్ యాప్ లేదు. ఫోన్లో చోటు చాలక ఇంట్లోవాళ్లు ఎప్పుడో తీసేశారట. నా యాప్ ఆ సంగతి చూసుకోలేదు, ఆమెకు చెప్పనూ లేదు. స్క్రీన్ అలాగే ఉంది, ఆమె నొక్కుతూనే ఉంది. చివరికి ఎవరో బండి మీద నందిగామ వచ్చి చెబితే సుభానీ గారు పరుగెత్తారు. గేదె బతికింది గానీ దూడ దక్కలేదు.

మర్నాడు విషయం తెలిసి, ఆ వీడియో కాల్ యాప్ వాళ్ల ఫోన్లో లేకపోతే నేనేం చేస్తానన్నాను. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి చీటీల కట్టను బల్ల మీద విసిరికొట్టారు.

"లేకపోతే లేదని చెప్పాలమ్మా. ఇంకో దారి చూపించాలి. ఏం చెప్పకుండా నిలబెట్టేస్తావా మనిషిని?"

ఆ కోపంతోనే స్కూటరెక్కించుకుని వీరులపాడు తీసుకెళ్లారు. తిట్లు తినడానికి సిద్ధపడే వెళ్లాను. ఆవిడ మంచినీళ్లిచ్చి, ఫోన్ నా ముందు పెట్టింది.

"నేనేమన్నా తప్పు నొక్కానా అమ్మా?"

సుభానీ గారే ఆవిడకు చేతులు జోడించి, "మీ తప్పేం లేదండి, మాదే" అన్నారు. నా తప్పులో ఆయన వాటా తీసుకోవడం ఏ తిట్టుకన్నా ఎక్కువగా తగిలింది.

సుభానీ గారు ఇప్పుడు లేరు. నేను ఇంటి నుంచే ఒక కంపెనీకి యాప్‌లు రాస్తున్నాను. వేరే యాప్‌ను తెరవాల్సిన ప్రతిచోటా, ముందు అది ఫోన్లో ఉందో లేదో చూసుకుంటాను. లేకపోతే ఆ మాట తెలుగులో రాసి, కింద ఫోన్ నంబరు పెడతాను. నిన్న ఆన్‌లైన్ మీటింగులో మేనేజరు అదంతా తీసేయమన్నాడు. వీడియో కాల్ యాప్ లేని ఫోన్ ఈ రోజుల్లో ఎవరి దగ్గరుంటుందని నవ్వాడు. మిగతావాళ్లూ నవ్వారు. టించరు మరక పోని వేలితో మైకు ఆన్ చేశాను.

"వీరులపాడులో ఒకావిడ దగ్గరుందండి. నేను తీయను."