ఉన్నారా, పోయారా?

కళ్ళజోళ్ళ షాపులో ముందు గది ఎప్పుడూ కళకళలాడుతూ ఉంటుంది. వెనక గది మేస్త్రీది. అందులో ఒక బల్ల, లెన్సుల అంచులు అరగదీసే చక్రం, దాని మీద సన్నగా పడే నీళ్ళు, చక్రం కింద బకెట్లో పేరుకునే తెల్లటి బురద. డాక్టరు చీటీ మీద రాసిన లెన్సును ఫ్రేములో సరిగ్గా కూర్చునేలా అరగదీయడం అతని పని. వెంట్రుకవాసి ఎక్కువ అరిగిందా, లెన్సు చెత్తబుట్టలోకే. ఇరవై రెండేళ్ళుగా సగం ఊరు అతని చేతి చలవతోనే పేపరు చదువుతోంది. అతన్ని చూసినవాళ్ళు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది.

అలాంటి మనిషికి రెండేళ్ళ కిందట మరదలు ఒక సరదా అంటించింది. ఫోన్లో 'నేనెవరు' అనే గ్రూపులో అతన్ని చేర్పించి, వారం తిరక్కుండా తను తప్పుకుంది. మేస్త్రీ మాత్రం అతుక్కుపోయాడు. ఆట చాలా తేలిక. ఒకరు ఎవరో పేరున్న మనిషిని మనసులో అనుకుంటారు, మిగతావాళ్ళు ప్రశ్నలడిగి కనిపెట్టాలి. జవాబు ఒక్క మాటలోనే చెప్పాలి. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే, "ఉన్నారా, పోయారా?" బతికున్న మనిషా కాదా తేలితే సగం లోకం పక్కకు తప్పుకుంటుంది కదా.

ఆడేది నలుగురే. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు, కుట్టుపని చేసే పిన్ని, బస్సు నడిపే డ్రైవరన్న, మన మేస్త్రీ. ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు, గొంతు విన్నది లేదు. అయినా పిన్నికి జ్వరమొస్తే మిగతా ముగ్గురికీ అన్నం సయించదు. ఇదేం చుట్టరికమని మేస్త్రీ భార్య అడుగుతూనే ఉంటుంది.

గొడవ ఆదివారం వచ్చింది. మాస్టారు అనుకున్న మనిషిని మేస్త్రీ వరసగా మూడోసారి కనిపెట్టలేకపోయాడు. మూడుసార్లూ ఎవరో రాజు. ఓడిపోవడం ఒక బాధ, పిన్ని నవ్వు బొమ్మ పెట్టడం ఇంకో బాధ. ఒళ్ళు మండి, ముందూ వెనకా చూడకుండా రాసేశాడు. "మీ పుస్తకాల్లో అందరూ రాజులూ పండితులేనా మాస్టారూ? చేత్తో పని చేసుకుని బతికేవాడు ఒక్కడూ ఉండడా? చదువుకున్నవాళ్ళ పొగరంటే ఇదే."

మాస్టారు "సరే మేస్త్రీ" అని మాత్రం రాశారు. ఆ తర్వాత గ్రూపులో ఆట సాగలేదు.

మంగళవారం పిన్ని విడిగా ఒక సందేశం పంపింది. "నీకు తెలుసా అబ్బాయ్, గురువారం మాస్టారి గుండెకి ఏదో చేస్తారట, వాళ్ళ కోడలు సందేశం పెట్టింది. మనకి చెప్పొద్దన్నారట."

మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. క్షమాపణ చెబుదామని ఫోను తీశాడు. 'తప్పయిపోయింది' అని రాశాడు, చెరిపాడు. 'ఏదో కోపంలో' అని రాశాడు, అదీ చెరిపాడు. లెన్సు తప్పు అరిగితే కొత్తది తెచ్చుకోవచ్చు, నోరు జారిన మాటకు ఆ వీలు లేదు. బుధవారమంతా ఇలాగే గడిచింది. ఇంతకంటే చేతకాని మనిషి ఉంటాడా అని నాకే అనిపిస్తుంది, కానీ మనలో ఎంతమందిమి వెంటనే చెప్పేస్తాం?

గురువారం పదకొండు గంటలకు చక్రం ఆపి, చేతులు తుడుచుకుని, సొరుగులోంచి ఫోను తీశాడు. పొద్దున్నే మాస్టారు గ్రూపులో రాసి ఉన్నారు. "ఇవాళ్టి మనిషి మేస్త్రీ కోసం. మిగతావాళ్ళు కాసేపు నోరు మెదపకండి. అడగండి మేస్త్రీ."

కోపం లేదన్నమాట. మేస్త్రీ ప్రాణం లేచొచ్చింది. ముందు ఆడదాం, క్షమాపణ తర్వాత చెబుదాం అనుకుని, అలవాటు కొద్దీ రాశాడు.

"ఉన్నారా, పోయారా?"

"పోయారు" అని వెంటనే జవాబొచ్చింది.

"ఎప్పుడు?" ఏ శతాబ్దమో తెలుసుకోవాలని అతని ఉద్దేశం.

"ఇప్పుడే. పది నిమిషాలైంది."

మేస్త్రీ ఆ మాట రెండుసార్లు చదివాడు. "మీరెవరు?" అని అడిగాడు.

"వాళ్ళ కోడల్నండి. ఫోన్ నా దగ్గరే ఉంచారు. అందరం ఇక్కడే ఉన్నాం."

ఈలోగా డ్రైవరన్న "ఎంత మంచి మనిషి" అని ఒకటి, "దేవుడికి కళ్ళు లేవు" అని ఇంకొకటి పెట్టేశాడు. పిన్ని "నేను తట్టుకోలేను" అని రాసింది. మేస్త్రీ బకెట్ పక్కన స్టూలు మీద కూలబడ్డాడు. పొగరు అన్న మాటే ఆయనకు తను చెప్పిన ఆఖరి మాట. ఇక దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఎదుట మనిషి లేడు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆ గదిలో కూర్చుని ఏడ్చాడు.

తర్వాత, ఎక్కడికి రావాలో కనుక్కుందామని, రెండేళ్ళలో మొదటిసారి మాస్టారి నంబరుకు ఫోన్ చేశాడు.

"అమ్మా, నేను మేస్త్రీని. మాస్టార్ని... ఎప్పుడు తీసుకెళ్తారు?"

"తీసుకెళ్ళిపోయారు కదండీ, ఇందాకే."

"అప్పుడేనా? ఎక్కడికమ్మా?"

"లోపలికండీ. స్టెంట్ వేస్తున్నారు. గంటన్నరలో బయటికి తెస్తామన్నారు."

"మరి పోయారని రాశారు కదమ్మా?"

"మీరే కదండీ, ఉన్నారా పోయారా అని అడిగింది. ఇంకా గదిలోనే ఉన్నారా, లోపలికి పోయారా అనుకున్నాను." అంతలో ఆ అమ్మాయికీ వెలిగింది. "అయ్యో, ఛ, అదా మీరు అనుకున్నది."

ఆమె నవ్వింది. మేస్త్రీ కూడా నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూనే. ఏమైందోనని యజమాని తొంగిచూస్తే, "బతికే ఉన్నారండీ" అన్నాడు. ఎవరని అడిగితే ఏం చెప్పాలో తెలియక మళ్ళీ చక్రం తిప్పాడు. గ్రూపులో సంగతి తెలియగానే డ్రైవరన్న, పిన్ని తమ సందేశాలు గబగబా తీసేశారు. ఆ మధ్యాహ్నం మేస్త్రీ రెండు లెన్సులు పాడుచేశాడు. అయినా అతనికి చీమ కుట్టినట్టు కూడా లేదు.

సాయంత్రం ఆరింటికి ఫోను మోగింది. మాస్టారి నుంచి ఒకే ఒక్క మాట. "ఉన్నాను."

కాసేపటికి ఇంకోటి. "ఇక్కడ మూడు సందేశాలు తీసేసినట్టు కనిపిస్తోంది. నన్ను బాగా పొగిడారా?"

మేస్త్రీ ఈసారి చెరపలేదు. "ఆదివారం నేనన్నది తప్పు మాస్టారూ. పొగరు నాదే. క్షమించండి."

"అది తర్వాత. ఆట సగంలో ఉంది. అడగండి."

మేస్త్రీ 'రాజా?' అని అడగబోయి, మానుకున్నాడు. "చేత్తో పని చేసుకుని బతికాడా?"

"అవును."

"పుస్తకాలు రాశాడా?"

"అవును."

"ఏం పని చేసేవాడు?" ఒక్క మాటలో చెప్పలేని ప్రశ్నలు అడగకూడదని నియమం. అడిగాక గానీ అతనికి గుర్తు రాలేదు.

అయినా మాస్టారు ఒక్క మాటలోనే చెప్పారు.

"మీదే."

పేరు మాత్రం మేస్త్రీకి తెలియదు, ఓడిపోయానని ఒప్పుకున్నాడు. మాస్టారు స్పినోజా అని పేరు చెప్పి, నాలుగు ముక్కలు రాశారు. మూడు వందల యాభై ఏళ్ళ కిందటి తత్వవేత్త, లెన్సులు అరగదీసి పొట్ట పోసుకున్నాడు, పెద్ద విశ్వవిద్యాలయం కొలువిస్తానంటే వద్దన్నాడు, అతని పుస్తకాల గురించి పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. "ఆదివారం రాత్రంతా వెతికాను మేస్త్రీ. మీరు అన్నది నిజమే, నా దగ్గర రాజులు ఎక్కువైపోయారు."

మర్నాడు పొద్దున మేస్త్రీ ఆ పేరును ఒక చీటీ మీద రాసి, చక్రం పైన, నీళ్ళు చిందని చోట అంటించాడు. యజమాని చూసి ఎవరిదని అడిగాడు.

"మా వృత్తివాడేనండీ" అన్నాడు మేస్త్రీ.

"ఎక్కడుంటాడు? ఉన్నాడా ఇంకా?"

"పోయాడండీ" అంటూ చక్రం మీదికి నీళ్ళు వదిలాడు మేస్త్రీ. "మాస్టారు ఉన్నారు."