నాట్ల మడిలో హానిబాల్

ధరూర్ దగ్గరి ఆ ఊళ్లో మాసయ్యను మాసయ్య అని పిలిచేది రేషన్ దుకాణంలో మాత్రమే. మిగతా అందరికీ అతను కర్నల్. సైన్యంలో ఒక్కరోజు పనిచేసింది లేదు, తుపాకీ అంటూ పట్టింది దీపావళికి కొన్న రీళ్ల తుపాకీ ఒక్కటే. సికింద్రాబాద్‌లో ఒక రిటైర్డ్ కర్నల్ ఇంటికి తొమ్మిదేళ్లు వాచ్‌మన్‌గా ఉండి వచ్చాడు, అంతే. ఆ సారుకు యుద్ధాల పిచ్చి. ఇంట్లో వాళ్లు విని విని తప్పుకోగా, గేటు విడిచి పోలేని వాళ్లు ఇద్దరే మిగిలారు, గొలుసు వేసిన కుక్క, మాసయ్య. కుక్క చచ్చిపోయాక భారం మొత్తం మాసయ్య మీదే పడింది.

అలా అలెగ్జాండరు, నెపోలియన్, హానిబాల్ అద్దె లేకుండా అతని తలలో కాపురం పెట్టారు. ఊరికి తిరిగొచ్చాక మాసయ్య వాళ్లను ముందు పెంటయ్య హోటల్లో చాయ్ తాగేవాళ్ల మీదికి వదిలాడు. వాళ్లు చాయ్ గబగబా తాగి పోవడం నేర్చుకున్నాక, భార్య గుంపు మీదికి వదిలాడు.

భార్య జమ్ములమ్మ నాట్లేసే ఆడవాళ్ల గుంపుకు పెద్ద. ఆమెతో కలిపి పన్నెండు మంది. ఎకరానికింత అని గుత్తకు మాట్లాడుకుని పొద్దున్నే మడిలో దిగుతారు. మాసయ్య పని ఒడ్డు మీది నుంచి నారు కట్టలు విసరడం. మగవాడు నాటు వేయడం ఆ ఊళ్లో లేదు, వేస్తే ఊరంతా నవ్వుతుంది. కాబట్టి పదేళ్లుగా అతను నిలబడి యుద్ధాలు చెబుతున్నాడు, వాళ్లు వంగి వింటున్నారు. చాయ్ తాగేవాళ్లలా మధ్యలో వెళ్లిపోయే సౌకర్యం వాళ్లకు లేదు.

ఈ వానాకాలం నరేందర్ పటేల్ పొలం ఎకరన్నర నాటాల్సిన రోజే జమ్ములమ్మకు జ్వరం పట్టుకుంది. సూది వేయించుకోవడానికి గద్వాల దవాఖానకు బయలుదేరుతూ మొగుణ్ని ఎగాదిగా చూసింది.

"జర పైలం. పక్క పొలంల బిహారోళ్లు దిగిన్రు. మన పని చెడితే పటేల్ యాసంగి నాట్లన్ని వాళ్లకే ఇస్తడు. నువ్వు కట్టలిసురు, సాలు."

"నువ్వు పరేషాన్ గాకు. నేను చూసుకుంట," అన్నాడు మాసయ్య. ఆమె పరేషాన్ అయింది సరిగ్గా ఆ మాటకే.

ఆటో మలుపు తిరగగానే మాసయ్య ఒడ్డెక్కి సైన్యాన్ని పరికించాడు. హానిబాల్ రోమనోళ్లను ఎలా మట్టి కరిపించాడు? నడుమ బలహీనులను పెట్టాడు, రెండు పక్కలా బలమైన వాళ్లను పెట్టాడు. నడుమ వాళ్లు మెల్లగా ఉంటే పక్కల వాళ్లు చుట్టూ తిరిగి రోమనోళ్లను లోపల మూసేశారు. ఇంకేం, డెబ్భై ఏళ్ల ఎస్తేరమ్మనూ ఇంకో ఇద్దరు ముసలమ్మలనూ నడుమ పెట్టాడు. చేతులు మిషన్లలా ఆడే సరోజా మిగతావాళ్లూ రెండు పక్కలకు పోయారు.

నాట్లలో మనిషి వెనక్కి నడుస్తుంది, నారు ముందు మిగులుతుంది. ఇది మాసయ్యకు తెలియక కాదు. కానీ ఆలోచన హానిబాల్‌ది, హానిబాల్ ఎప్పుడూ నాటు వేయలేదు.

పక్కల వాళ్లు జోరుగా వెనక్కి వెళ్లిపోయారు. ముసలమ్మలు ఉన్నచోటే ఉన్నారు. "ఇగ మలగుర్రి! నడుమకు మూయుర్రి!" అని కేక పెట్టాడు మాసయ్య. ఏం జరగబోతుందో సరోజకు అర్థమైంది. అయినా నోరు మెదపలేదు, పదేళ్లు విన్న పగ ఎక్కడికి పోతుంది? చక్కగా నడుమకు మళ్లి ముసలమ్మల వెనక కూడా నాటేసింది.

కాసేపటికి ముగ్గురు ముసలమ్మలు మంచమంత బురదలో నిలబడి ఉన్నారు. చుట్టూ పచ్చటి నారు, కాలు తీసి పెడితే తొక్కుడే.

"ఓ కర్నలూ, మేము రోమనోళ్లమా?" అని అరిచింది ఎస్తేరమ్మ. ఆడవాళ్లు నవ్వీ నవ్వీ బురదలోనే కూలబడ్డారు.

సరిగ్గా అప్పుడే నరేందర్ మోటార్‌సైకిల్ దిగాడు.

"ఏంది మాసయ్యా, మడిల కోట కట్టినవా? పది దాటింది, అరెకరం గాలే. అటు సూడు, బిహారోళ్లల్ల మొగోళ్లే నాటేస్తుండ్రు. కథల్లేవు, కాకరకాయల్లేవు. పొద్దుగూకేలోపు అయితే సరే, లేకుంటే యాసంగికి వాళ్లే."

మాసయ్య చేతిలోని నారు కట్ట కింద పెట్టేశాడు. నవ్వుతారని కాదు, నవ్వు అతనికి అలవాటే. జమ్ములమ్మ ఇరవై ఏళ్లు కూడగట్టిన గుంపు తన నోటి వల్ల చెదిరిపోతుందని భయం వేసింది. ఒడ్డు మీద చతికిలబడ్డాడు.

అట్లా కూర్చున్నంతలోనే జమ్ములమ్మ ఆటో దిగింది, చేతికి దూది అంటుకునే ఉంది. మడిలోని కోటను చూసి దగ్గొచ్చేదాకా నవ్వింది. తిట్టలేదు.

"అడ్డమొచ్చినకాడ నారు పీకి ముసలోళ్లను బయటికి తీయుర్రి. ఎస్తేరత్తా, నువ్వు ఒడ్డు పక్క వరుస పట్టు. నువ్వు ఎంత ఏస్తే అందరు గంతే. ఎవ్వరు ఉరకొద్దు, ఎవ్వరు ఆగొద్దు." లెక్క చూసుకుంది. "నేను లేక మునుం వరుసల ఒక మనిషి తక్కువుంది. ఏమయ్యా, జరంతోని వంగలేను, కట్టలు నేనిసురుత. నువ్వు దిగు."

మాసయ్య రోడ్డు వైపు చూశాడు. పెంటయ్య హోటల్ వాళ్లు ఇద్దరు అప్పుడే ఆగి చూస్తున్నారు. పంచె ఎగగట్టి దిగాడు. రోడ్డు మీద ఈల వినబడింది.

అరగంటకే నడుము విరిగినంత పనైంది. పదేళ్లుగా ఈ నడుముల మీదే తాను యుద్ధాలు కుమ్మరించానని అప్పుడు తెలిసింది, సిగ్గేసింది. పక్కన ఎస్తేరమ్మ ఊపిరి కూడా మారకుండా నాటుతోంది.

"కొడుకా, నీ కథల్ల ఎనకకు నడిచి గెలిచినోడు ఎవ్వడన్న ఉండెనా?"

మాసయ్య మొత్తం గాలించాడు.

"ఒకాయన ఉండె పెద్దమ్మా. రష్యాల. ముసలోడు, లావు మనిషి, ఒక కన్ను సరిగ కనపడదు. నెపోలియన్ మీదికొస్తుంటే ఎనకకే నడిచిండు. పట్నం సుత ఇడిసిపెట్టిండు. ఆఖరికి నెపోలియనే సలికి సచ్చి ఉరికిండు."

"పేరేంది?"

"కుటుజోవ్."

"నోరు తిరుగుతలేదు గానీ, మనోడే," అంది ఎస్తేరమ్మ.

ఆ రోజు ఇంకే కథా చెప్పలేదు మాసయ్య. పొద్దు కరెంటు తీగల కిందికి దిగుతుండగా ఆఖరి పిడికెడు నారు సరోజ గుచ్చింది.

నరేందర్ మళ్లీ వచ్చి ఒడ్లన్నీ తిరిగి చూశాడు. వంక దొరకలేదు.

"సరే జమ్ములమ్మా, యాసంగికి మీ పన్నెండు మందే రార్రి. గానీ ఈ కర్నల్‌ను ఇంటికాడ ఇడిసిపెట్టు."

న్యాయమైన మాటే అనుకున్నాడు మాసయ్య, వంగినవాడు వంగినట్టే ఉండి. సరోజ కూడా నవ్వలేదు.

"పన్నెండు మందిమైతే మేము రాము పటేలా," అంది జమ్ములమ్మ, బురద చేతులు కడుక్కుంటూ. "ఇగ మీద మా గుంపు పదమూడు మంది."

నరేందర్ నాటిన మడి వైపు ఇంకోసారి చూసి, సరే అన్నాడు.

లేచి నిలబడి ఏదైనా పెద్ద మాట చెప్పాలనుకున్నాడు మాసయ్య. నడుము లేవలేదు. అందుకే అతని కళ్లలో నీళ్లు ఎవరికీ కనబడలేదు.