నాయన మూటలో మన్ను

లారీ నన్ను దించింది ఉదయం ఏడున్నరకు. మా పట్టాళం పోస్టు ఇంకా పైన. ముందు మంచు, వెనక మంచు, నడుమ నల్లబండలు. వీపున సామాను, చేతిలో రైఫిలు. ఊపిరి అందడం లేదు. అయినా గుండె గంతులేస్తా ఉండింది. మా నాయన యుద్ధంలో పోయింది ఈ కొండమీదనే. దహనం చేసిందీ ఇక్కడనే. అరవదేశంలో, అన్నూరులో మా ఇంటికి తంతి ఒక్కటే వచ్చింది.

మా ఇంటి కట్టు ఒకటి ఉండాది. ఊరు కాని ఊళ్లో పోయినవాళ్లకు, పోయిన చోటి మన్ను తెచ్చి ఇంటి మన్నుతో కలిపి దిబ్బ చేసి దీపం పెట్టాలి. అప్పుడే ఆడి నెల అమావాస్యకు పెద్దలతోపాటు వాళ్లకూ ఆకు వేసి వడ్డిస్తారు. మన్ను రాలేదు. నాయనకు ఆకు లేదు.

“ఏ మన్నయితే ఏమిరా? పక్కనుండే సింగానల్లూరులో బస్సు దిగి ఒక పిడికెడు తే, చాలు,” అన్నాడు పెదనాయన. ఆ మాటకు ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. అమ్మ ఒప్పుకోలేదు. ఏటా ఆ రోజు ఆమె కూడా తినేది కాదు.

కొండమీద మన్నే లేదని ఎక్కినాకనే తెలిసింది. గునపం వేస్తే నిప్పురవ్వలు లేచేవి.

“మన్ను కోసం పట్టాళంలో చేరినవాణ్ని నిన్నే చూస్తున్నా,” అన్నాడు వైర్‌లెస్ ఆపరేటరు. గుంటూరువాడు. “ఇంతకీ నీది తెలుగా, అరవమా?”

“మీ తాతలు మాట్లాడింది మాది. మీరు మరిచిపోతిరి, మేము మోస్తా ఉండాము.”

నవ్వు ఆపి సగం బీడీ ఇచ్చాడు.

మంచు దారి మూసేలోపు పాత బంకర్ల దాకా ఆఖరి గస్తీ. నాయన ఉన్న బంకరు అక్కడే. “పది నిమిషాలు ఆగుతాం. పదకొండోది నీకు లేదు,” అన్నాడు హవల్దారు.

కప్పు కూలి ఉంది. నేల తవ్వాను. మంచుగడ్డ, కింద రాయి. వేళ్లు చచ్చుబడినాయి.

“ఒరే అరవోడా, కింద ఏం తవ్వుతావు? గోడ చూడు,” అన్నాడు ఆపరేటరు.

గోడంతా గోనెమూటలు. యుద్ధానికి ముందు లోయలో మన్ను తవ్వి, మూటలు కట్టి, వీపుల మీద మోసి పేర్చినవి. మోసింది నాయన జట్టే. హవల్దారు తన కత్తితోనే ఒక మూట కోసినాడు. లోపల గడ్డకట్టిన ఎర్రమన్ను.

“తీసుకో. నీ నాయన మోసిందే.”

రేడియో గరగరలాడింది. “ఎక్కడున్నారు? ఓవర్.”

“పాత గోడ దగ్గర. మనవాణ్ని ఒకణ్ని ఇంటికి పంపుతున్నాం. ఓవర్,” అన్నాడు ఆపరేటరు.

ఇప్పుడు మా వీధిలో ఏటా నాయనకు ఫ్లెక్సు కడతారు. మీసం మారుస్తారు, ఎన్నడూ రాని పతకాలు తగిలిస్తారు. మైకులో అందరూ వీరుడంటారు. వీపున మన్ను మోసినాడని చెప్పేవాడు ఒక్కడు లేడు.

ఆ గస్తీ అయినాక నాకు సెలవు దొరికింది. రైలు, బస్సు, ఇల్లు. అమ్మ సంచి అందుకుని మన్ను చేటలో పోసి, రాగులు చెరిగినట్టు చెరిగింది. రాళ్లు ఒక్కొక్కటే ఏరింది.

“మన్నును గూడా ఏరుతారా అమ్మా?” అన్నాడు పెదనాయన.

“ఆయన తల పెట్టుకునేది దీంట్లోనే గదా బావా. రాయి గుచ్చుకుంటే నిద్రపోడు.”

ఆ ఏడు నాయనకు ఆకు వేసినాము. అమ్మా తినింది. నేను కళ్లు మూస్తే మాత్రం చేట ఎగరేస్తున్న అమ్మే కనబడుతుంది. కనుబొమల మీద, పెదవుల మీద ఆ కొండ దుమ్ము. తుడుచుకోకుండా నవ్వుతా ఉంది.