చిక్కుడు కొత్తనాడు

నా చిన్నప్పుడు మా కొండల్లో వయసు లెక్కపెట్టేవాళ్ళు లేరు. పాలపళ్ళు ఊడుతున్న ఈడని మాత్రం చెప్పగలను. తెల్లదొరల కాలం అది. మా నాన్నను ఘాట్ రోడ్డు వెట్టికి పట్టుకుపోతే వారాల తరబడి ఇంటి మొహం చూసేవాడు కాదు. ఇంట్లో ఉండేది అమ్మ, నేను, నాన్నను కన్న తల్లి మా మామ్మ.

ఆ ఏడు తొలకరి పడగానే అమ్మ ఇంటి వెనక నాకంటూ ఒక చిక్కుడు పాదు తవ్వించింది. తవ్వించింది అంటున్నాను గాని, బొరిగె పట్టుకున్న చేతులు నావి, వాటిని పట్టుకున్న చేతులు అమ్మవి. పశువుల పెంట, పొయ్యి బూడిద కలిపి, గింజలు నా చేతనే వేయించింది.

"ఏటే, అలా నొక్కేత్తన్నావు? దానికి ఊపిరాడొద్దా!" అని నవ్వింది. కాయలు దిగినప్పుడు కూర నేనే వండాలనీ, తను కూర్చుని తింటాననీ చెప్పింది.

మొక్క రెండాకులు వేసిందో లేదో, అమ్మకు చలిజ్వరం పట్టుకుంది. నన్ను పెదబయలు అవతల మేనమామ ఇంటికి పంపేశారు. తిరిగి వచ్చేసరికి తీగ పందిరెక్కింది. అమ్మ లేదు. చనిపోయిందని అందరూ చెప్పారు. నేను కళ్ళతో చూడలేదు గనుక నమ్మలేదు. ఒట్టి మొండిదాన్ని. తింటానని నాతో అంది కదా, కాయలు కాస్తే వస్తుందనుకున్నాను. రోజూ నీళ్ళు మోశాను, కోళ్ళు గీకకుండా కంప కట్టాను. పక్కనే మామ్మ వేసిన ఆనపతీగ వైపు కన్నెత్తి చూడలేదు.

మాలో ఒక కట్టుబాటుంది. ఏ పంట కొత్తగా వచ్చినా, దాని పేరున 'కొత్త' పండగ చెయ్యకుండా ఎవరూ నోట పెట్టరు. ముందుగా వండి పెద్దలకు పెట్టాలి. పెద్దలంటే ఆ ఇంట్లో పోయినవాళ్ళు. పుష్యమాసంలో చిక్కుడు కొత్త వచ్చింది. ఊరంతా కాయలు కోసుకుంటుంటే నేను నా పాదుకు అడ్డంగా నిలబడ్డాను. ఆ కాయలు పెద్దల ఆకులో పడ్డాయంటే అమ్మ ఇక రానట్టే. అంతమాత్రం నాకూ తెలుసు. అక్కణ్ణించి కదల్లేదు.

పండక్కి ఇంటికొచ్చిన నాన్న కసిరాడు. మామ్మ ఆయన్ని అవతలికి పంపేసి నా పక్కన నేల మీద చతికిలబడింది.

"అమ్మ పెద్దల్లో కలవదు మామ్మా. అమ్మ సిన్నది. నీకంటె సిన్నది" అన్నాను.

మామ్మ వేలాడుతున్న తీగ కొసను పందిరి గుంజకు చుట్టింది. "నిజమే గుంటా. సిన్నదే. ఎల్లాల్సింది నాను. అది నాకంటె ముందెలిపోనాది. మరిప్పుడు అది నాక్కూడా పెద్దదే" అంది.

కొయ్యమని మాత్రం అనలేదు. లోపలికి వెళ్ళి పొయ్యి మీద కుండ పెట్టింది. నీళ్ళు మరిగి ఇంకిపోతే మళ్ళీ పోసింది. అయినా నన్ను పిలవలేదు. చివరికి నేనే ఒడి నిండా కోసుకుని వెళ్ళాను.

కూర నేనే వండాను. మామ్మ అడ్డాకు పరిచి, నా చేతనే వడ్డింపించింది. కొత్తకోడలిగా వచ్చిననాడు అమ్మ ఆవిడ కాళ్ళకే మొక్కిందట. ఆ రోజు ఆ అత్తగారు, వంగలేని నడుము వంచి, కోడలి ఆకు ముందు నేలకు నుదురు ఆనించింది.

"తిను తల్లీ. నీ కూతురొండింది" అంది.

అప్పుడు ఏడ్చాను. అప్పటిదాకా నాకు ఏడుపే రాలేదు. మామ్మ నన్ను ఒళ్ళోకి లాక్కుంది గాని, ఊరుకోమనలేదు. తనూ ఏడ్చింది.

ఈనాటికీ ఆ దుఃఖం తీరిందని చెప్పలేను. దాన్ని దాచుకోకుండా ఆకు పరిచి ఎదుట కూర్చోబెట్టడం మాత్రం మామ్మ దగ్గర నేర్చుకున్నాను. ఇప్పుడు నేను ఆ మామ్మ కంటే ముసలిదాన్ని. అమ్మకు మాత్రం వయసు పెరగలేదు, నా మనవరాలి ఈడులోనే ఆగిపోయింది. ఏటా చిక్కుడు కొత్తనాడు పిల్లలాంటి ఆ అమ్మ ఆకు ముందు వంగి మొక్కుతాను. లేచే ముందు, ఎవరికీ వినపడకుండా, "ఉప్పు సరిపోనాదా అమ్మా?" అని అడుగుతాను.