ఔ అన్నాడా, ఔట్ అన్నాడా?

1955లో కర్నూలు మన రాజధాని. ఊరు చిన్నది, ఆఫీసులు పెద్దవి. ఇళ్లు చాలక ఎంతోమంది ఉద్యోగులు గుడారాల్లో కాపురాలు పెట్టిన రోజులవి. నేనప్పుడు ఆఫీసర్ల క్లబ్బులో టెన్నిస్ మార్కరుని. మార్కరంటే ఈ కాలం వాళ్లకు తెలియకపోవచ్చు. క్లబ్బువాళ్లు జీతమిచ్చి పెట్టుకున్న ఆటగాడన్నమాట. మెంబర్లకు ఆట నేర్పాలి, జోడీ దొరకనివాళ్లకు ఎదురు నిలబడి ఆడాలి, రాకెట్లకు గట్ బిగించాలి, కోర్టు చూసుకోవాలి. పెద్ద ఆఫీసరు ఆడుతుంటే ఆయన గెలిచేటట్టు మర్యాదగా ఓడిపోవడం కూడా మార్కరు పనే. ఆ ఒక్క పనిలో మాత్రం నాకెప్పుడూ మంచి పేరు రాలేదు.

మాది క్లే కోర్టు, అంటే మట్టి కోర్టు. ఎర్రమన్నూ పుట్టమన్నూ జల్లించి పరిచి, తడిపి, రోలర్ లాగి గట్టిచేసి, పైన పేడనీళ్లు అలికి, సున్నంతో గీతలు గీసేవాళ్లం. ఇలాంటి కోర్టుకి తిండి నీళ్లే. పొద్దున తడిపితే సాయంత్రానికి ఆరిపోయి దుమ్ము లేచేది. శివరాత్రి దాటాక మా వైపు తాగడానికే నీళ్లకు వెతుక్కోవాలి, ఇక కోర్టుకి ఎవరిస్తారు? నేను అడిగి, బతిమాలి, అప్పుడప్పుడు పోట్లాడి తెచ్చేవాణ్ణి.

ఆ రోజుల్లో పేరున్న పోటీలన్నీ అమెచ్యూర్లవి, అంటే సరదాకి ఆడేవాళ్లవి. ఆటే జీవనాధారమైన మాబోటి ప్రొఫెషనల్స్‌ని వాటి గడప తొక్కనిచ్చేవారు కాదు. మా క్లబ్బు సెక్రటరీగారిది గోదావరి జిల్లా. మంచివాడే, తొందర మనిషి. "జీతానికి ఆడేవాళ్లకి ఒక టోర్నమెంటు మనమే పెడదామండీ. ఆడవాళ్లకి కూడా పెడదాం" అని ఒకరోజు కమిటీలో అనేశాడు. అన్నాడంటే జరగాల్సిందే. బళ్లారి, అనంతపురం, కడప వైపుల నుంచి మార్కర్లు దిగారు. ఆడవాళ్లు నలుగురే దొరికారు. నలుగురూ ఆడపిల్లల బళ్లలో ఆటలు నేర్పే టీచర్లు. బళ్లారి మార్కరు నన్ను మొదటిరోజే ఓడించి ఇంటికి పంపాడు. ఆ ఆట గురించి ఇక్కడ రాయను. ఖాళీగా ఉన్నాను కాబట్టి ఆడవాళ్ల ఫైనల్‌కి నన్ను అంపైర్ కుర్చీ ఎక్కించారు.

ఆ రోజు పొద్దున నేను వరండాలో గట్ బిగిస్తున్నాను. గట్ అంటే గొర్రె పేగుతో చేసిన తీగ, రాకెట్‌కి జల్లెడలాగా అల్లేది. ఫైనల్ ఆడబోతున్న రత్నమ్మ వచ్చి తన రాకెట్ నా ముందు పెట్టింది. కడపలో ఒక బడిలో టీచరు. జమ్మలమడుగు పక్క నేతగాళ్ల ఇంటి పిల్ల. నీలం నూలుచీర కచ్చపోసి కట్టి, కాన్వాసు బూట్లు వేసుకుని ఆడేది.

"ఇది జారిపోయిందన్నా. రవ్వంత గట్టిగా బిగించు. పడుగు దారాలు ఇంత వదులుంటే మా నాయన మగ్గం గుంతలో కాలు గూడా పెట్టడు" అంది.

"మరీ బిగిస్తే తెగుతుందమ్మా."

"తెగితే తెగనీ. ఈ పొద్దు నేను గెలవాల."

అందరూ గెలవాలనే వస్తారు. కానీ ఆమె ఆ మాట అన్న తీరు చూసి నా చెయ్యి ఆగింది. ఎందుకని అడిగాను.

"మా బడి ఎనకాల కొంచెం జాగా ఉండాది. కప్పు తెస్తే ఆడ పిల్లోళ్లకు కోర్టు వేసుకోమన్నారు మా కమిటీవాళ్లు. ఓడితే ఆ జాగాలో సామాన్ల కొట్టం కడతారంట."

"కొట్టం యాడన్నా కట్టుకోవచ్చు గదమ్మా?"

"నేనూ అదే అడిగితి. ఆడపిల్లోళ్లు ఆటలాడి ఏం జేస్తారని వాళ్లలో ఒకాయన నవ్వినాడు. శానాసేపు నవ్వినాడన్నా."

ఆమె మాత్రం నవ్వలేదు. నేను గట్‌ని ఇంకొక్క పట్టు బిగించాను.

అవతలి మనిషి గుంతకల్లు రైల్వే కాలనీ నుంచి వచ్చిన డాలీ మిస్సమ్మ. ఆంగ్లో ఇండియన్. పొడుగు చేతులు, తెల్ల గౌను, కొట్టిందంటే బంతి బుస్సుమనేది. రత్నమ్మకు అంత బలం లేదు. కాళ్లున్నాయి, పట్టుదల ఉంది. ఎన్ని కొడితే అన్నీ తిరిగి పంపేది. ఆమెను ఓడించాలంటే ముందు బంతి అలసిపోవాలి.

ఇక మూడో మనిషి మద్దిలేటయ్య. నందికొట్కూరులో డ్రిల్లు మాస్టరు. ఆ రోజు డాలీ ఆడే వైపు బేస్‌లైన్ దగ్గర లైన్స్‌మన్‌గా ఆయన్ని కూర్చోబెట్టాం. బేస్‌లైన్ అంటే కోర్టు చివరి గీత. లైన్స్‌మన్ పని సులువు. బంతి గీత అవతల పడితే "ఔట్" అని అరవాలి. లోపల పడితే నోరు మెదపకుండా రెండు అరచేతులూ నేలవైపు చూపాలి. మద్దిలేటయ్యకు కళ్లు చురుకు, మాట తక్కువ, గొంతు మాత్రం డ్రిల్లు మాస్టరుది. ఆ రోజు ఆయనలో నేను పెట్టే వంక ఒక్కటే. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పకుండా ఉండలేని మర్యాదస్తుడు.

మొదటి సెట్ డాలీది, రెండోది రత్నమ్మది. మూడో సెట్‌లో రత్నమ్మ ఐదు, డాలీ నాలుగు. తర్వాతి గేమ్‌లో డ్యూస్, అంటే ఇద్దరూ సమానం, అది దాటి అడ్వాంటేజ్ రత్నమ్మకు వచ్చింది. అంటే ఇంకొక్క పాయింటు గెలిస్తే మ్యాచ్ ఆమెదే. షామియానా కింద ఆఫీసర్ల ఇల్లాళ్లు విసనకర్రలు ఆపేశారు. పడమటి గాలికి కోర్టు మీద దుమ్ము లేస్తోంది. రత్నమ్మ ఒక బంతిని లోతుగా, బేస్‌లైన్ మీదికే కొట్టి నెట్ దగ్గరికి పరుగెత్తింది. డాలీ ఎలాగో అందుకుంది కానీ బంతి మెత్తగా పైకి లేచింది. రత్నమ్మ దాని కింద నిలబడి రాకెట్ ఎత్తింది. పసిపిల్లలు కూడా కొట్టే బంతి అది.

ఆ బంతి గాలిలో ఉండగానే డాలీకి అనుమానం వచ్చింది. తాను అందుకున్న బంతి అసలు గీత లోపల పడిందా అని. వెనక్కి తిరిగి మద్దిలేటయ్యను అడిగింది. "లోపలేనా?"

అడిగితే జవాబు చెప్పాలి కదా. మద్దిలేటయ్య డ్రిల్లు గొంతుతో చెప్పాడు.

"ఔ!"

మా సీమలో ఔననడానికి అంత చాలు. కానీ డాలీ అడిగిన మాట గాలికి నా దాకా రాలేదు. జవాబు మాత్రం ఊరంతా వినిపించింది. లైన్స్‌మన్ నోటి నుంచి ఔ అని మొదలైన మాట వస్తే చెవి ట్ తానే కలుపుకుంటుంది. నేను "ఔట్" అని అరిచాను. నేనే కాదు, షామియానా అంతా "ఔట్" అంది. రత్నమ్మ ఎత్తిన రాకెట్ దించేసింది. బంతి ఆమె పక్కనే పడి గోడ దాకా పోయింది.

తప్పు ఎవరిదని ఇప్పటికీ నన్ను అడిగేవాళ్లున్నారు. ఎవరిదీ కాదు. నన్ను ఎన్నిసార్లు అడిగినా ఇదే చెబుతాను.

"మళ్లీ డ్యూస్" అని చెప్పబోతుంటే మద్దిలేటయ్య కుర్చీలోంచి లేచి వచ్చాడు. "ఏమప్పా మార్కరూ, ఔట్ అని ఎవరు జెప్పినారు? నేను ఔ అంటి. బంతి లోపలే పడినాది."

సెక్రటరీగారు షామియానా లోంచి పరుగెత్తుకొచ్చాడు. "ఔట్ అన్నాడు కదండీ! నా చెవులారా విన్నాను."

"ఔట్ కాదు సామీ, ఔ."

"ఔ ఏమిటయ్యా? అవునంటే అవునండి అనాలి గానీ!"

అందరూ నవ్వారు. రత్నమ్మ నవ్వలేదు. నెట్ దగ్గర అట్లాగే నిలబడి నా వైపే చూస్తోంది. నేను కుర్చీ దిగాను. మట్టి కోర్టులో బంతి పడితే గుర్తు పడుతుంది కాబట్టి ముందు గీత దగ్గరికి పోయి చూశాను. ఆరిన దుమ్ములో పది గుర్తులు, వాటి మీద డాలీ బూట్ల అచ్చులు. అది సాక్ష్యానికి పనికిరాదు. డాలీ దగ్గరికి పోయి అడిగాను.

"మిస్సమ్మా, మీరేమడిగారు, ఆయనేమన్నాడు?"

మ్యాచ్ చేజారిపోతున్న మనిషి ఆమె. తెలీదంటే సరిపోయేది. "లోపలేనా అని నేనే అడిగింది. ఆయన ఔ అన్నాడు. మా ఆయా కూడా అట్లే అంటాది" అంది. ఆ రోజు ఆ మాటను సరిగ్గా విన్నది ఆ గౌను మనిషి ఒక్కతే.

సెక్రటరీగారు నా చెవిలో గొణిగాడు. "అంపైర్ ఒకసారి చెప్పింది చెప్పినట్టే ఉండాలయ్యా. మార్చావంటే నలుగురిలో నవ్వులపాలవుతాం. ముఖ్యమైనవాళ్లు వచ్చి కూర్చున్నారు." ఇంకోవైపు కడప నుంచి వచ్చినవాళ్ల కేకలు. "ఆ పాయింటు మా అక్కదే! కప్పు ఇచ్చెయ్యి!"

నాకు ఒళ్లు మండింది. ఇద్దరి మీదా. బంతి లోపల పడిందని తేలాక డ్యూస్ ఇవ్వడం అన్యాయం. కొట్టని బంతికి మ్యాచ్ ఇవ్వడమూ అన్యాయమే. తప్పు కేక వల్ల ఆట మధ్యలో ఆగిపోతే ఆ పాయింటుని లెట్ అంటారు. అంటే లెక్కలోకి రాదు, మళ్లీ ఆడాలి. రూలు అదొక్కటే.

రత్నమ్మ నా దగ్గరికి వచ్చింది. గొంతు చిన్నగా ఉంది. "ఆ బంతి కొట్టింటే గెలిచింటా గదన్నా?"

"గెలిచి ఉండేదానివమ్మా."

"నీకూ తెలుసు."

"తెలుసు. కానీ కొట్టలేదు కదమ్మా."

ఆ మాట అంటుంటే పొద్దున ఆమె చెప్పిన జాగా, నవ్విన పెద్దమనిషి, అన్నీ కళ్ల ముందున్నాయి. అయినా కుర్చీ ఎక్కి గట్టిగా చెప్పాను. "లెట్! అడ్వాంటేజ్ రత్నమ్మ. పాయింటు మళ్లీ ఆడాలి." సెక్రటరీగారు తల పట్టుకున్నాడు. కడపవాళ్లు నన్ను ఏమేమో అన్నారు, రాయడానికి పనికిరాదు.

మళ్లీ ఆడారు. రత్నమ్మ బంతి నెట్‌కి తగిలింది. డ్యూస్. ఆ గేమ్ పోయింది, తర్వాతి రెండూ పోయాయి. చివరి బంతి దాకా ఆమె పరుగెత్తుతూనే ఉంది. కప్పు డాలీ చేతికి వెళ్లింది.

అందరూ వెళ్లాక రత్నమ్మ రాకెట్ సంచిలో పెట్టుకుంటూ మద్దిలేటయ్యను, నన్ను పిలిచింది. మద్దిలేటయ్య కళ్లు చెమ్మగిల్లాయి. "నా నోట్లో మన్నుబడ, నేనేల మాట్లాడితినమ్మా" అన్నాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ఊరుకోబెట్టింది. నాతో మాత్రం గట్టిగా చెప్పింది.

"నీ మీద కోపముండాది. కానీ నువ్వు చేసింది న్యాయమే. ఒక్క పని చెయ్యన్నా. ఇంకమీద మనోళ్లను ఔట్ అననీయొద్దు. దాని బదులు బయట అనమను. ఔ మన మాట. దాన్నెందుకు మానుకోవాల? మార్చుకుంటే ఆ ఇంగ్లీషు మాటే మార్చుకోవాల."

ఆ మర్నాటి నుంచి మా కోర్టులో "బయట" మొదలైంది. ఇంగ్లీషు ఆటకి ఇదేం చోద్యమని మెంబర్లు నవ్వారు. సెక్రటరీగారు రెండుసార్లు పిలిచి మందలించాడు. నేను వినలేదు. రాజధాని హైదరాబాదు పోయి, గుడారాలు పీకేసి, ఆఫీసర్లు సర్దుకుని వెళ్లాక ఆ పట్టింపులన్నీ వాళ్లతోనే పోయాయి.

కొన్నేళ్ల తర్వాత రాకెట్ల పని మీద కడప పోయాను. ఒక బడి గోడ పక్కనుంచి నడుస్తుంటే లోపల టకటకమని బంతి చప్పుడు, వెంటనే ఒక ఆడపిల్ల గొంతు.

"బయట!"

గేటు తోసుకుని లోపలికి పోయాను. సామాన్ల కొట్టం కట్టేశారు, రేకుల కప్పుతో నిక్షేపంగా ఉంది. దాని వెనక మిగిలిన సన్నటి జాగాలో ఒక మట్టి కోర్టు. ఇద్దరు మాత్రమే ఆడుకునే వెడల్పు. రత్నమ్మ విజిల్ మెడలో వేసుకుని నిలబడి ఉంది. నన్ను చూసి నవ్వింది. ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

"కొట్టం కట్టినారు గదమ్మా?" అన్నాను.

"కట్టినారు. దాని గోడకు బంతి గొట్టి పిల్లోళ్లు ప్రాక్టీసు చేస్తాండారు. మంచి గోడన్నా, మనమైతే కట్టుకోలేకపోతిమి. మన్ను మేమే తవ్వినాం. మధ్యాన్నం అన్నం తిని చేతులు కడుక్కున్న నీళ్లు గూడా పారబొయ్యం, కోర్టుకే."

"నవ్విన పెద్దమనిషి?"

"ఆయన మనవరాలే ఆ అవతల ఆడతాండేది."

మార్కరుగా, అంపైరుగా ఎన్నో ఆటలు చూశాను. రూలు పట్టుకుని నిలబడితే మనం కోరుకున్నవాళ్లే గెలుస్తారన్న హామీ లేదని ఆ ఫైనల్ నేర్పింది. అయినా నిలబడాలి. ఓడినవాళ్లు మర్నాడు లేచి మన్ను తవ్వుకోవాలంటే, ఓటమి అయినా న్యాయంగా వచ్చి ఉండాలి.

రత్నమ్మ నాకు కుర్చీ వేయించింది. చూస్తుండగానే ఒక బంతి గీత మీదికి వచ్చి పడింది. ఆడుతున్న పిల్ల వెనక్కి తిరిగి, లైను దగ్గర కూర్చున్న పిల్లను ఆత్రంగా అడిగింది. "లోపలేనా?" ఆ పిల్ల నోరు విప్పలేదు. రెండు అరచేతులూ నేలవైపు చూపింది, అంతే.

నేను రత్నమ్మ వైపు తిరిగి అడిగాను. "లోపలేనా?"

"ఔ" అంది రత్నమ్మ.