రేడియో పైడిరాజు

ఆమదాలవలసలో పాసింజరు కదలబోతుంటే ప్లాట్‌ఫారం మీంచి ఎవరో "ఒరే పైడిరాజూ" అని కేకేశారు. పెట్టెలో నాతో పాటు ఇంకో ముగ్గురు తలలు తిప్పారు. ఆ ముగ్గురూ పెళ్ళికి వెళ్తున్న మేళం వాళ్ళు.

"నీదీ అదే పేరేటి బాబూ?" అన్నాడు డోలు ఒళ్ళో పెట్టుకున్న పెద్దాయన.

అవునన్నాను. ఎఫ్‌ఎం రేడియోలో కొత్తగా చేరానని, ఈ పేరు మరీ పాతగా ఉంది, మైకులో చెప్పడానికి ఇంకోటి చూసుకోమన్నారని కూడా చెప్పాను.

ఆయన నవ్వలేదు. "పైడితల్లమ్మోరికి మొక్కుకుంటే పుట్టినోళ్ళం, అందరికీ అదే పేరు మరి. నాను డోలు పైడిరాజుని, ఆడు సన్నాయి పైడిరాజు, ఈడు తాళం పైడిరాజు. పేరు అమ్మోరిస్తాది. దాని ముందరి మాట మనం సంపాదించుకోవాల."

తర్వాత మిగతా ఇద్దరి వైపు తిరిగి, "రేడియో పైడిరాజుకి సోటియ్యండిరా" అన్నాడు. ముగ్గురూ జరిగారు. నేను వాళ్ళ మధ్య కూర్చున్నాను.

ఈరోజుకీ మైకు ముందు "నేను మీ రేడియో పైడిరాజుని" అనే మాట కాస్త గట్టిగానే అంటాను. ఆ ముగ్గురూ ఏ పెళ్ళిపందిట్లో ఉన్నా వినపడాలి కదా.